పేజీ కింద ఖాళీ

పిచ్చుక పోయిన రోజు మధ్యాహ్నం రెండున్నరకు మా స్కూలు గుమాస్తా నాకు ఫోన్ చేశాడు. నేను ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నాను. నర్సు ఇచ్చిన ఆమె చెప్పులు నా చేతిలో ఉన్నాయి. "టీచర్‌గారూ, వాన ఆగేలా లేదండీ. రేపు సెలవు ఇచ్చేస్తున్నాం. స్కూలు వెబ్ పేజీలో పైన పెట్టించాలి. మీ ఆడపడుచుగారికి ఒక మాట చెప్పండి, ఒక్క నిమిషం పనే కదా" అన్నాడు. "చెప్తాను" అన్నాను. ఫోన్ పెట్టేశాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. ఎనిమిదేళ్ళుగా అతను ఆ మాట అడగడం, నేను ఈ జవాబివ్వడం అలవాటు. నోరు దాని పని అది చేసుకుపోయింది. అప్పటికి ఆమె పోయి నలభై నిమిషాలు.

మర్నాడు పొద్దున అరవై మంది దాకా పిల్లలు వానలో తడుస్తూ వచ్చి, గేటుకి తాళం చూసి వెనక్కి వెళ్ళారట. పేజీలో సెలవు అని లేదు. వారం తర్వాత నేను స్కూలుకి వెళ్ళినప్పుడు ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అందరూ నెమ్మదిగా మాట్లాడారు, కుర్చీ వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఆ ఒక్క నిమిషం పని ఎవరు చేస్తున్నారో ఆ రోజు వానలో తడిసిన పిల్లల తల్లిదండ్రులకు మొదటిసారి తెలిసి ఉంటుంది. నాకు కూడా అప్పుడే తెలిసిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది.

పిచ్చుక మా ఆయన చెల్లెలు. అసలు పేరు వేరే ఉంది. దాన్ని పలికేది బ్యాంకువాళ్ళూ డాక్టర్లూ మాత్రమే. చిన్నప్పుడు పళ్ళెం ముందు కుదురుగా కూర్చోకుండా, వచ్చి ఒక ముద్ద తిని ఎగిరిపోయి, మళ్ళీ వచ్చి ఇంకో ముద్ద తినేదని మా అత్తయ్య పెట్టిన పేరు ఇది. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి ఆమెకు పదిహేనేళ్ళు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, అందుకని భయపడుతూ వచ్చాను. మూడో రోజున వంటింట్లోకి వచ్చి నా చెవిలో చెప్పింది. "వదినా, మా అన్నయ్య తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. మొదట్లోనే మాన్పించు. ముదిరితే మానదు." నేను మాన్పించలేకపోయాను. పాతికేళ్ళలో ఆ తువ్వాలు ఎప్పుడు కనిపించినా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. అంతే, నవ్వు వచ్చేది. ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాని నవ్వు ఒకటి ఉండడం ఎంత ఆసరానో, అది పోయాక తెలుస్తుంది.

పెళ్ళయి వెళ్ళింది. ఆరేళ్ళకు ఒక పెట్టెతో, ఒక ల్యాప్‌టాప్‌తో తిరిగి వచ్చింది. ఎందుకు వచ్చావని అందరూ అడిగారు, రకరకాలుగా అడిగారు. నాతో మాత్రం ఒకే వాక్యం చెప్పింది. "అక్కడ నన్నెవరూ కొట్టలేదు వదినా. ఎవరూ పలకరించనూ లేదు." నేను ఇంకేమీ అడగలేదు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇంత తక్కువ మాటల్లో ఇంత చెప్పగలిగితే నా ఉద్యోగం సార్థకమయ్యేది.

ఆమె వెళ్ళిన ఆరేళ్ళలో ఆమె గది సామాన్ల గదైపోయింది. పాత పరుపులు, విరిగిన కుర్చీలు, అత్తయ్య ఇనప్పెట్టె. నా పరీక్ష పేపర్ల కట్టలు కూడా అక్కడే ఉండేవి, అది కూడా చెప్పాలి. వాటి మధ్య ఒక మంచం ఇరికించాం. బల్లకి చోటు లేదు. భోజనాల బల్ల మీద పని చేసుకుందామంటే పూటకోసారి ఎత్తాలి. చివరికి ఆమే ఒక ఉపాయం కనిపెట్టింది. ఇస్త్రీ బల్ల. దాని కాళ్ళు పైకీ కిందికీ జరుగుతాయి కనుక నిలబడి పని చేస్తే నడుము ఎత్తుకి, మంచం మీద కూర్చుంటే మోకాళ్ళ ఎత్తుకి సరిపోయేది. ఊళ్ళో బేకరీకి, పళ్ళ డాక్టరుకి, కారు నేర్పే అతనికి ఆమె ఆ బల్ల మీదే వెబ్ పేజీలు చేసిపెట్టింది. పొద్దున్నే మా ఆయన చొక్కా పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మేడమ్, తమరి ఆఫీసు కాస్త మడుచుకుంటే మా చొక్కా ముడతలు తీసుకుంటాం" అనేవారు. అందరం నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వుతూ ల్యాప్‌టాప్ ఎత్తి మంచం మీద పెట్టేది. ఇంటికి ఎవరైనా వస్తే, "మా చెల్లెలు ఇంట్లోనే ఉంటుంది, కంప్యూటర్లో ఏదో చేసుకుంటూ ఉంటుంది" అని పరిచయం చేసేవారు. ఆయన చెడ్డవారు కాదు. ఆ 'ఏదో' అన్న మాట బరువెంతో ఆయనకు తెలియదు. నాకు తెలుసు, నేను మాటలు నేర్పే మనిషిని. అయినా ఎప్పుడూ దిద్దలేదు.

మా స్కూలు పేజీ కూడా అలాగే ఆమె చేతికి వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి, "మీ ఆడపడుచు ఇలాంటివి చేస్తుందటగా, మనింటి పిల్లే కదా, ఒకటి చేసిపెట్టమనండి" అన్నారు. మనింటి పిల్ల చేసిపెట్టింది. మొదట్లో చేసిపెట్టడం, తర్వాత ఎప్పటికీ చూసుకోవడం. సెలవులు, పరీక్షల తేదీలు, బస్సు వేళలు, అన్నీ నా ద్వారా ఆమెకు చేరేవి. నేను చేరవేసేదాన్ని. స్కూల్లో నా పేరుకి ఆ పేజీ వల్ల కొంచెం మెరుపు కూడా వచ్చింది.

అందులో నాదంటూ ఒకటి ఉండేది. 'ఈ వారం వాక్యం' అని చిన్న పెట్టె. ఆ వారం పిల్లలు రాసిన వాటిలో మంచి వాక్యం ఒకటి ఏరి ఇచ్చేదాన్ని. అది మొదట పేజీ అట్టడుగున, బస్సు వేళల పట్టిక కింద ఉండేది. అంత కిందికి ఎవరు దిగి చూస్తారు? ఒకసారి నేనే నిష్ఠూరంగా అన్నాను, "నా పిల్లల్ని బస్సుల కింద పడేశావు" అని. ఆమె తలెత్తి, "పైన కమిటీవాళ్ళ ఫోటోలు ఉండాలన్నారు వదినా. వాటి కింద నోటీసులు. కానీ మధ్యలో సందు చేస్తాను, చూడు" అంది. రెండు మూడు రోజుల్లో వాక్యం పైకి వచ్చింది, ఫోటోలకీ నోటీసులకీ మధ్యకి. ఆ వారం ఒక పిల్ల తండ్రి గేటు దగ్గర నన్ను ఆపి, "మా అమ్మాయి వాక్యం చూశామండీ, ఊళ్ళో అందరికీ చూపించాం" అన్నాడు. ఇంటికి వచ్చి పిచ్చుకకు చెప్తే, ఆమె నాకన్నా ఎక్కువ సంతోషపడింది.

వాక్యం పైకి వచ్చినప్పటి నుంచి పేజీ అడుగున ఒక ఖాళీ మిగిలింది. బస్సు వేళల కింద నాలుగు వేళ్ళ వెడల్పు తెల్లటి చోటు, ఆ తర్వాత స్కూలు చిరునామా. గుమాస్తాకు అది కంట్లో నలుసు. "కింద ఆ బోడి జాగా ఏంటండీ, దిష్టి తగిలినట్టు. తీయించరాదూ" అని నెలకోసారైనా అనేవాడు. నేను ఇంటికి వచ్చి ఆమెతో అనేదాన్ని. "చూస్తాలే వదినా" అనేది. ఆమె చూడలేదు, నేను అడగడం మానలేదు.

నాకు ఆ విద్య కాస్త నేర్పాలని ఆమె ఒకసారి పట్టుపట్టింది. రెండేళ్ళ కిందట, ఒక సెలవు మధ్యాహ్నం. "నోటీసులు నువ్వే పెట్టుకోవచ్చు వదినా, నా దాకా రానక్కర్లేదు" అంది. బల్లను కిందికి దించి, ఇద్దరం మంచం మీద పక్కపక్కన కూర్చున్నాం. పేజీలో ఒక గడిని కొంచెం కిందికి దించమంది. నేను గడికి పైన ఎంటర్ కొట్టుకుంటూ పోయాను, పదిసార్లు. ఆమె నవ్వి నా చెయ్యి పట్టుకుంది. "ఇది మీ నోటుపుస్తకం కాదు వదినా, గీతలు వదిలేసి కింద రాసుకోవడానికి. ఎన్ని కొట్టినా అది వాటిని లెక్కలోకి తీసుకోదు. రాత ఒక ఫైల్లో ఉంటుంది, అది ఎక్కడ నిలబడాలో చెప్పే ఫైలు వేరే ఉంటుంది. సీఎస్ఎస్ అంటారు. అందులో చెప్పాలి." చెప్పాను. 'టాప్ ఇరవై' అని ఆమె చూపించినట్టే రాశాను. ఏమీ కదల్లేదు. "కదలదు" అంది తృప్తిగా. "ముందు పొజిషన్ ఏంటో చెప్పాలి. నీకో స్థానం ఉందని ముందు ఒప్పుకుంటేగాని, పైకి జరుగు కిందికి జరుగు అంటే వినదు. పౌరుషం ఎక్కువ." పొజిషన్ రిలేటివ్ అని రాసింది. గడి కిందికి దిగింది. టాప్ అంటే కిందికి దిగడమేమిటని అడిగాను. "పైనుంచి ఇరవై దూరం అని వదినా. పైకి పోవాలంటే మైనస్ పెట్టాలి. మన ఇళ్ళల్లోలాగే, పైకి పోవాలంటే ఏదో ఒకటి తీసేసుకోవాలి."

రిలేటివ్ కాకుండా ఇంకేముంటాయని అడిగాను. టీచర్లకు ఆ జబ్బు ఉంటుంది, ఒక విభక్తి చెప్తే మిగతావి అడుగుతాం. ఆమె గది చుట్టూ ఒకసారి చూసింది. "రిలేటివ్ అంటే, మనిషి ఊరెళ్ళినా మంచం అలాగే ఉంచుతారు చూడు, అది. తను ఎంత దూరం జరిగినా తన చోటు తనకి ఖాళీగా ఉంటుంది, ఎవరూ ఆక్రమించరు. యాబ్సల్యూట్ అంటే, నేను పెళ్ళి చేసుకుని గుమ్మం దాటగానే నా గదిలో పరుపులు పెట్టేశారే, అది. ఒకరు లేవగానే కిందివాళ్ళు పైకి జరిగిపోతారు. చోటు మూసుకుపోతుంది." నవ్వుతూనే అంది. నేను నా పేపర్ల కట్టల వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాను. ఆమె అది గమనించి వెంటనే మాట మార్చింది. "అన్నిటికన్నా కష్టం ఏంటో తెలుసా? నిలువుగా సరిగ్గా మధ్యలో నిలబెట్టడం. పక్కలకి ఎవరైనా జరుపుతారు. పైకీ కిందికీ కాకుండా నడుమ నిలపాలంటే ఈ పని చేసేవాళ్ళందరికీ చెమటలు పడతాయి." అంతలో అత్తయ్య మందుల వేళైంది, నేను లేచాను. పాఠం అక్కడ ఆగింది. మళ్ళీ కూర్చోలేదు. నాకు వీలు కాలేదని చెప్పుకున్నాను. నిజానికి, ఆమె ఉండగా నాకెందుకు అనుకున్నాను.

జ్వరం అనుకున్నది ఊపిరితిత్తులకు పాకి ఆరు రోజుల్లో ఆమెను తీసుకుపోయింది. నలభై ఒకటో ఏడు.

సెలవులకు ముందు పెద్దసారు సిబ్బంది సమావేశంలో చెప్పారు, పేజీ పని బయటి కంపెనీకి ఇస్తున్నామని. వాళ్ళు పాతది తీసేసి మొత్తం కొత్తగా కడతారట. "పాపం, ఆ అమ్మాయి తనకు తెలిసినంతలో బాగానే చేసింది" అని కూడా అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో సమావేశంలో నేను లేచి నిలబడడం అదే మొదలు. "స్కూలు తెరిచే రోజు నోటీసు నేను పెడతాను. అది సరిగ్గా వస్తే పేజీ ఇలాగే ఉంచండి. రాకపోతే ఇచ్చేయండి" అన్నాను. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీకు వచ్చా అమ్మా అవన్నీ?" అన్నారు. "రావు" అన్నాను. దుఃఖంలో ఉన్న మనిషిని కాదనలేక ఒప్పుకున్నట్టున్నారు. ఎలా ఒప్పుకుంటేనేం.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. తెరవలేదు, ఊరికే మూత మీద చెయ్యి వేసి ఉన్నారు. "ఇందులో ఉన్నవి చెరిపించేసి ఎవరికైనా ఇచ్చేద్దామే. చూస్తుంటే తట్టుకోలేకపోతున్నాను. ఎవరికైనా పనికొస్తుంది" అన్నారు. "నాకు పనికొస్తుందండీ" అన్నాను. "నీకెందుకు, ఈ వయసులో కళ్ళు పోగొట్టుకోవడానికి?" "పోతే ఇంకో కళ్ళజోడు పెట్టుకుంటాను." ఆయన నా మొహంలోకి చూశారు. ఏం కనిపించిందో, నెమ్మదిగా ల్యాప్‌టాప్ నా చేతికి ఇచ్చారు. "పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదే" అన్నారు. నాకు తెలుసు. అన్నిటికీ ఒకటే పెట్టుకునేది, మా పెళ్ళిరోజు తేదీ. "అన్నయ్యకి ఎలాగూ గుర్తుండదు, నాకైనా ఉండాలిగా వదినా" అనేది. ఆయనకు అది చెప్పలేదు. ఒక్కోసారి నిజం దాచడమూ ప్రేమే.

ఆమె గదిలో, ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డాను. బల్ల ఆమె ఎత్తుకే ఉంది. నాకు రెండంగుళాలు ఎక్కువ. దించలేదు. మొదటి మూడు రోజులూ ఫైళ్ళు తెరవడం, మూయడం, ఏమైనా చెడిపోతుందేమోనని చేతులు వెనక్కి తీసుకోవడం. నిజం చెప్పాలంటే నేను వెతుకుతున్నది వేరు. ఈ పని చేసేవాళ్ళు ఫైల్లో అక్కడక్కడ తమ కోసం చిన్న చిన్న మాటలు రాసుకుంటారని ఆమె చెప్పింది. నా కోసం ఏదైనా రాసి ఉంటుందేమో అనుకున్నాను. ఫైలంతా చదివాను, పరీక్ష పేపరు చదివినట్టు, ఒక్క వరుస వదలకుండా. తెలుగులో రెండే మాటలున్నాయి. ఒకచోట, "ఇది ఎందుకు పనిచేస్తుందో తెలీదు. ముట్టుకోవద్దు." ఆ గదిలో ఒంటరిగా పెద్దగా నవ్వాను, ఆమె పోయాక అదే మొదటిసారి. రెండోది నా వాక్యం పెట్టె దగ్గర ఉంది. పొజిషన్ రిలేటివ్, టాప్ మైనస్ మూడు వందల అరవై నాలుగు. పక్కన, "ప్రస్తుతానికి ఇలా. తర్వాత సరిచేయాలి."

అప్పుడు అర్థమైంది, ఆ ఖాళీ ఏమిటో. వాక్యం పెట్టె పైన కనిపిస్తోంది గాని, ఫైల్లో దాని చోటు ఇంకా బస్సు వేళల కిందే ఉంది. ఆమె దాన్ని అక్కడి నుంచి పైకి తోసి నిలబెట్టింది. ఊరెళ్ళిన మనిషి మంచంలాగ దాని చోటు కింద అలాగే ఉండిపోయింది.

ఆ రోజు గుర్తొచ్చింది. ఆదివారం. మా ఆయన ఆఫీసువాళ్ళు భోజనానికి వస్తున్నారు. నేను తడి చేతులతో ఈ గుమ్మంలోనే నిలబడి, "పిచ్చుకా, బల్ల ఇస్తావా, మీ అన్నయ్య చొక్కా" అన్నాను. "రెండు నిమిషాలు వదినా, నీ పిల్లల్నే పైకి తెస్తున్నాను." "నీ రెండు నిమిషాలు గంటైంది. వాళ్ళు వీధి మొగలో ఉన్నారట." ఆమె ఏదో టకటకా కొట్టి ల్యాప్‌టాప్ ఎత్తేసింది. "సరే, ప్రస్తుతానికి తోసి పెట్టాను. తర్వాత సరిగ్గా చేస్తా." ఆ మాట అచ్చం అలాగే ఫైల్లో ఉంది. ఏడేళ్ళలో ఆ 'తర్వాత' రాలేదు. ఆమెకు ఒక గంట ఎవరూ పిలవకుండా దొరకలేదు. పిలిచినవాళ్ళలో ఎక్కువసార్లు పిలిచింది ఎవరో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ నాకు వీలు దొరకనివ్వని వాళ్ళ జాబితా ఒకటి మనసులో మోస్తూ వచ్చాను: ఆయన, అత్తయ్య, స్కూలు. ఆమె జాబితా రాసి ఉంటే అందులో మొదటి పేరు నాదే అయ్యేది. రాయలేదు. అంత ప్రేమించింది.

ఐదో రోజు నోటీసు పెట్టాను. రెండు వరుసలు, స్కూలు తెరిచే తేదీ, వేళ. చూస్తే వాక్యం పెట్టె నోటీసు నెత్తిన ఎక్కి కూర్చుంది. అత్తయ్య ఆ పూట గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుని ఉంది. కూతురు పోయాక ఆవిడ ఆ గదిలోకి రావడం అదే మొదలు.

"ఏం చేసేదే అది రోజంతా ఇక్కడ నిలబడి? నేనడిగితే పేజీ జరుపుతున్నానమ్మా అనేది. పేజీ జరపడమేంటో నాకు తెలిసి చావలేదు" అంది.

"చూడండత్తయ్యా." స్క్రీను ఆవిడ వైపు తిప్పాను.

"అయ్యో, అక్షరాల మీద అక్షరాలు ఎక్కాయే."

"అదే ఇబ్బంది. నోటీసు ఒక వరుస పెరిగితే కిందున్నవన్నీ ఒక వరుస దిగుతాయి. దాంతోపాటు ఈ పెట్టె కూడా దిగి నోటీసు మీద పడుతుంది. ప్రతిసారీ మళ్ళీ పైకి ఎత్తాలి. ఎంత ఎత్తాలో నాకు తెలియడం లేదు."

"మరి దానికెలా తెలిసేది?"

ఆవిడ చూపు స్క్రీను మీంచి కిందికి దిగి బల్ల గుడ్డ మీద ఆగింది. వేలితో తడిమింది. "ఇవేంటే అమ్మాయ్, దర్జీ కొలతల్లాగా?"

బల్ల మీద పరిచిన గుడ్డ చివర, పెన్సిల్‌తో సన్నగా అంకెలు. నేను వాటిని ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. చాకలి గుర్తులో, గుడ్డ కొన్నప్పటి గుర్తులో అనుకున్నాను. వాటి మీద వందల చొక్కాలు ఇస్త్రీ చేశాను. రెండుసార్లు ఉతికాను కూడా. ఉతికినప్పుడల్లా ఆమె మళ్ళీ రాసుకుని ఉంటుంది, ఏమీ అనకుండా. ఇప్పుడు కళ్ళజోడు సర్దుకుని చదివాను. ఒక వరుస, 364. రెండు వరుసలు, 388. మూడు వరుసలు, 412. ఐదు వరుసల దాకా ఉంది. ఐదో దాని పక్కన చిన్నగా, "పెద్దసారు ఉపన్యాసం."

"రెండు వరుసలకి ఎంతని ఉందత్తయ్యా, చదవండి" అన్నాను.

"మూడు వందల ఎనభై ఎనిమిది" అని ఆవిడ ఒకటో తరగతి పిల్లలాగా కూడబలుక్కుని చదివింది.

కొట్టాను. వాక్యం స్క్రీను మీద ఇరవై నాలుగు చుక్కలు పైకి లేచి, ఫోటోలకీ నోటీసుకీ మధ్య ఆమె చేసిన సందులో, వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచింది. ఆమెకు జ్వరం రాకముందు చివరిసారి పెట్టిన వాక్యం, ఐదో తరగతి పిల్ల రాసినది, ఇంకా అక్కడే ఉంది. 'మా అమ్మ నవ్వేటప్పుడు చేతిలో పని ఆపుతుంది.' అది పెడుతూ పిచ్చుక, "ఎవరు వదినా ఈ పిల్ల, బాగా చూసింది" అంది.

అత్తయ్య ముందుకి వంగి, "మళ్ళీ ఒకసారి జరుపు" అంది. అంకె మార్చి దించాను, మళ్ళీ ఎక్కించాను. "ఇంకోసారి" అంది. మూడుసార్లు జరిపాను. ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ కూర్చుంది. "ఇదంతా అదొక్కతే చేసుకునేదా? మనం అన్నానికి రమ్మని అరుస్తుంటే?" అంది. నేను తల ఊపాను.

అంతలో మా ఆయన చొక్కా పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. నోరు తెరిచి, మమ్మల్నిద్దరినీ చూసి ఆగిపోయారు. అత్తయ్యే అంది, "ముడతల చొక్కాతో వెళ్తే ఉద్యోగం తీసేయరులే. ఆ బల్ల మీద పనుంది." ఆయన, "ఇంకో బల్ల కొందామా అయితే?" అన్నారు. "కొనండి. ఇస్త్రీకి" అన్నాను. ఆయన చొక్కా మడిచి చంకలో పెట్టుకుని, బల్ల దగ్గరికి వచ్చి, చెల్లెలి అంకెల మీద ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళిపోయారు. ఆ రోజు తువ్వాలు దండెం మీద ఉంది. ఎవరి మొహం చూడాలో తెలియక ఊరుకున్నాను.

స్కూలు తెరిచిన రోజు ఒక్క పిల్ల కూడా వేళ తప్పి రాలేదు. గుమాస్తా స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు. "బ్రహ్మాండంగా ఉందండీ టీచర్‌గారూ. ఇక కంపెనీ ఊసు లేదన్నారు పెద్దసారు. ఒకటే, కింద ఆ జాగా అలాగే ఉంది. అందులో మీ ఆడపడుచుగారి ఫోటో పెట్టి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ఎలాగూ ఖాళీయే కదండీ."

మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నేను చేతిలో చాక్‌పీసు పక్కన పెట్టాను. "అక్కడ వద్దు. ఖాళీ ఉంది కదా అని ఆమెను పెట్టకండి. బతికినన్నాళ్ళూ అలాగే పెట్టాం. పేరు పైన ఉంటుంది, వాక్యం పెట్టె పక్కన. నేను పెడతాను" అన్నాను.

"సరేనండీ. మరి ఇకనుంచి సెలవులూ అవీ ఎవరికి చెప్పాలి?"

"నాకే. గురువారం ఆఖరి రెండు పీరియడ్లు నాకు క్లాసు లేకుండా చేయించండి. ఇక్కడ కూర్చుని చేస్తాను. ఇంటి దగ్గర చేయను. అది ఒక్క నిమిషం పని కాదు."

అతను తల గోక్కున్నాడు. "అంటే, పెద్దసారుతో మాట్లాడాలి కదండీ."

"మాట్లాడండి."

"చెప్తానండీ" అన్నాడు.

రెండు అడిగితే ఒక పీరియడ్ ఇచ్చారు. తీసుకున్నాను, రెండోది అడుగుతూనే ఉన్నాను. మొదటి గురువారం ఆమె పేరు పెట్టాను, ఇంట్లో పిలిచేది కాదు, సర్టిఫికెట్లలో ఉన్న పూర్తి పేరు. దాని పక్కన, 'ఈ పేజీ తయారు చేసి, ఎనిమిదేళ్ళు నడిపినవారు' అని రాశాను. 'ఏదో' అన్న మాట ఎక్కడా లేకుండా చూసుకున్నాను. రెండో గురువారం సరైన పద్ధతి ఏమిటో చదివి తెలుసుకున్నాను. వాక్యం పెట్టెను ఫైల్లో బస్సు వేళల కింద నుంచి కోసి, నోటీసుల పైన అతికించి, టాప్ అంకె చెరిపేస్తే చాలు. అప్పుడు దాని చోటు అదే అవుతుంది, అంకెలు మార్చే పని ఉండదు, అడుగున ఖాళీ మూసుకుపోతుంది. పావుగంట పని. ఆమె చేస్తానన్న 'తర్వాత' అదే.

మూడో గురువారం ఫైలు తెరిచి, ఆ వరుసల దాకా వెళ్ళి, కొత్త వాక్యం పెట్టి మూసేశాను. నాలుగో గురువారమూ అంతే. గుమాస్తా ఇప్పటికీ అడుగుతున్నాడు. బస్సు వేళల కింద ఆ ఖాళీ నేను ఇంకా తీయలేదు.